శివారుకి నీళ్లు చేరాయా?

మార్పు సాధించిన సంస్థలకు అవార్డులిచ్చే మన గోదావరి జిల్లాల వర్తక సంఘాల పెద్దలకు, ఎంపిక కమిటీల సభ్యులకు నమస్కారం.

నేను మండపేట చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో ముప్పై నాలుగేళ్లు లెక్కలు రాసినవాణ్ణి. గుమాస్తాగా చేరి, మేనేజరుగా మానేశాను. ఇప్పుడు ఏ మిల్లులోనూ నాకు జీతం లేదు, వాటా లేదు. అందుకని ఇందులో నాకు వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. వ్యాపారాన్ని సమూలంగా మార్చుకున్న సంస్థలకు ఏటా మీరిచ్చే అవార్డు గురించి కొన్ని మాటలు చెప్పాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను. ఇన్నాళ్లూ నోరు పెగలకపోవడానికి కారణం, అలాంటి ఒక అవార్డులో నా చెయ్యి కూడా ఉండడమే. ముందు అది చెప్పేస్తాను.

ఇరవై ఏళ్ల కిందటి మాట. అప్పుడు నేను పనిచేస్తున్న మిల్లులో ధాన్యం ఆడించే పాత హల్లర్లు తీసేసి రబ్బరు రోళ్ల షెల్లరు, డ్రయ్యరు, రంగు చూసి చెడ్డ గింజని ఏరేసే సార్టెక్స్ మిషను పెట్టారు. ఆఫీసులోకి ఏసీ వచ్చింది, రెండు కంప్యూటర్లు వచ్చాయి, లెక్కలకి సాఫ్ట్‌వేరు వచ్చింది. యంత్రాలు తిరగడం మొదలై ఆరు నెలలు కూడా కాలేదు. ఒక సంస్థవారు ఆధునికీకరణకి అవార్డు ఇస్తున్నారని తెలిసింది. దరఖాస్తు నన్నే రాయమన్నారు. రాశాను. 'కాగితం లేని కార్యాలయం' అని రాసింది నేనే. 'కార్మికుల సంక్షేమానికి పెద్దపీట' అని రాసింది కూడా నేనే. ఆ సాయంత్రం నా టేబుల్ మీద చిట్టా (రోజువారీ లెక్కల పుస్తకం), ఆవర్జా (ఖాతాల పుస్తకం) రెండూ తెరిచే ఉన్నాయి. పగలు చిట్టాలో రాసిందాన్ని రాత్రి కూర్చుని కంప్యూటర్లోకి ఎక్కించేవాణ్ణి. ధాన్యం కొనుగోళ్ల అసలు లెక్క పుస్తకంలో ఉండేది, చూపించే లెక్క కంప్యూటర్లో ఉండేది.

కమిటీవారు ముగ్గురు వచ్చారు. మంచివాళ్లే, చదువుకున్నవాళ్లు. గేటు దగ్గర బొకేలు ఇచ్చాం. ఏసీ గదిలో కూర్చోబెట్టి తెర మీద బొమ్మలు చూపించాం. తాపేశ్వరం కాజా, కాఫీ అయ్యాయి. సార్టెక్స్ దగ్గర నిలబడి నల్లగింజ ఎలా ఎగిరి పక్కకి పడుతుందో చూశారు. ముప్పావు గంటలో కారెక్కారు. మిల్లు వెనక్కి వెళ్లలేదు. వెళ్లి ఉంటే సిమెంటు కళ్లం ఖాళీగా కనిపించేది. అంతకు ముందు వారం దాకా ఆ కళ్లం మీద ఇరవై ఇద్దరు ఆడవాళ్లు ఉండేవారు. ఉడికిన ధాన్యాన్ని ఎండలో పోసి, కాళ్లతో దున్నుతూ, గంటగంటకీ తిరగేస్తూ ఆరబెట్టేవారు. డ్రయ్యరు వచ్చింది కాబట్టి శనివారం కూలి ఇచ్చేసి, సోమవారం నుంచి రావద్దన్నారు. అందులో ఒకామె నేను చేరకముందు నుంచీ ఉంది. "బాబూ, నాకు చిట్టాలో ఇంకేమైనా బాకీ ఉందేమో చూడండి" అని అడిగింది. చూశాను. ఏమీ లేదు.

అవార్డు వచ్చింది. షీల్డు, శాలువా, పేపర్లో ఫొటో. ఏడాదిన్నర తిరిగేసరికి కంప్యూటర్ మీద గుడ్డ కప్పేశారు. నెలాఖరున మాత్రం ఆడిటరు కోసం దాన్ని తీసేవారు. షీల్డు మాత్రం ఇప్పటికీ ఆఫీసు గోడ మీద ఉందని విన్నాను.

తప్పు ఆ ముగ్గురిదే అనడం లేదు. అడిగినవి వాళ్లకి చూపించాం, చూపించినవి వాళ్లు చూశారు. ఎప్పుడు రావాలి, ఎక్కడికి రావాలి, ఎవరిని అడగాలి అన్నది పద్ధతిలోనే లేదు. ఇన్నేళ్లలో అది పెద్దగా మారలేదని, ఈమధ్య మీరు పంచిన దరఖాస్తు ఫారం చూశాక మళ్లీ అనిపించింది.

మా నాన్నగారు కాలువ లస్కరు. తూము తలుపులు ఎత్తడం, దించడం, గట్లు చూడడం ఆయన పని. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్లు తక్కువై వంతులు పెట్టినప్పుడు లాంతరు పట్టుకుని రాత్రంతా కాలువ గట్టున తిరిగేవారు. కాలువకి అడ్డంగా తలుపులుండే లాకు దగ్గర నీళ్లు గట్టు ఒరుసుకుని పారుతుంటే చూడ్డానికి నిండుగా, పండగలా ఉంటుంది. ఆయన మాత్రం అక్కడ నిలబడి ఏమీ అనేవారు కాదు. సైకిలేసుకుని చివరి తూము దాకా వెళ్లి, ఆఖరి రైతు మడిలో కాలు పెట్టి చూసి వచ్చేవారు. "శివారు తడిసింది" అన్నాకే ఇంట్లో అన్నం. మన డెల్టాలో ఎవరినైనా అడగండి, కాలువ బాగుందా లేదా అన్నది కాలువ మొదట్లో, హెడ్ దగ్గర తేల్చరు. కాలువల చివరనున్న అల్లవరంలోనో, కాట్రేనికోనలోనో, మొగల్తూరులోనో తేలుస్తారు.

ధవళేశ్వరం ఆనకట్ట కథ కూడా అంతే కదండీ. 1847లో మొదలై 1852కి ఆనకట్ట పూర్తయింది. కాటన్ దొర గారి విగ్రహాలు ఊరూరా ఉన్నాయి, ఉండాలి కూడా. కానీ నదికి అడ్డంగా రాతి కట్ట లేచినంత మాత్రాన కోనసీమలో మడి తడవలేదు. వైనతేయ పాయ మీదుగా నీళ్లు దాటించడానికి గన్నవరం అక్విడక్టు కట్టాలి. కాలువలు, లాకులు, పిల్లకాలువలు, తూములు, వాటి మీద ఏళ్ల తరబడి మనుషులు కావాలి. గండి పడితే పూడ్చాలి, మేట వేస్తే తీయాలి. జనం ఆయనకి దణ్ణం పెట్టింది ప్రారంభోత్సవం రోజున కాదు. తరాలపాటు పంట పండాక పెట్టారు.

మీరు ఇప్పుడు ఇస్తున్న అవార్డు లాకు దగ్గరే చూసి ఇస్తున్నది. యంత్రం కొన్న ఏడాదే దరఖాస్తు, ఆ ఏడాదే సభ. ఆ టైములో ఏ సంస్థ చూసినా నిండుగానే కనిపిస్తుంది. కొత్త రంగు, కొత్త యూనిఫారాలు, కొత్త ఉత్సాహం. మార్పు నిలబడిందా అన్నది తెలిసేది రెండో సార్వాలో (వానాకాలం పంటలో), మూడో దాళ్వాలో. ధర పడిపోయిన సీజన్లో, కరెంటు లేని నెలలో, మార్పుని నెత్తికెత్తుకున్న మేనేజరు వేరే మిల్లుకి వెళ్లిపోయాక తెలుస్తుంది.

తొందరపడితే ఏమవుతుందో మన ప్రాంతం వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. సత్యం కంప్యూటర్స్ అంటే భీమవరం పక్కవాళ్లందరికీ మన సంస్థే అన్న మమకారం ఉండేది. మా తమ్ముడి కొడుక్కి అందులో ఉద్యోగం వస్తే ఊళ్లో స్వీట్లు పంచాం. 2008లో ఆ కంపెనీకి కార్పొరేట్ పాలన బాగుందని గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. 2009 జనవరి 7న కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు గారే లెక్కలు పెంచి చూపించామని ఉత్తరం రాశారు. బ్యాంకుల్లో ఉందని చూపించిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని అందులో ఉంది. ఇచ్చిన అవార్డు వెనక్కి తీసుకున్నారు. పాలన బాగుందన్నవాళ్లు చూసింది కాగితాలనే. ఆ కాగితాలు తయారు చేసే నాలాంటి గుమాస్తాలు ఎక్కడైనా ఉంటారు.

దాని తర్వాత జరిగినదాని మీద మాత్రం ఎవరూ పెద్దగా సభలు పెట్టలేదు. ప్రభుత్వం పాత బోర్డుని తీసేసి కొత్త బోర్డుని వేసింది. ఏప్రిల్లో టెక్ మహీంద్రా తీసుకుంది, 2013లో తనలో కలుపుకుంది. ఆ మధ్య కాలంలో జీతం వస్తుందో రాదో తెలియని టెన్షన్‌లో కూడా రోజూ ఆఫీసుకి వెళ్లి, క్లయింట్ల ఫోన్లు ఎత్తి, పని ఆగకుండా చూసిన వేలమంది ఉన్నారు. మా తమ్ముడి కొడుకూ అందులో ఒకడు. సంస్థ మారడం అంటే నా దృష్టిలో అది. దాన్ని గుర్తించడానికి మన దగ్గర ఏ కేటగిరీ లేదు.

బయటి దేశాల్లోనూ ఈ దెబ్బ తిన్నారు. అమెరికాలో మాల్కమ్ బాల్డ్రిజ్ పేరుతో 1988 నుంచి నాణ్యతకి జాతీయ అవార్డు ఇస్తున్నారు. 1990లో చిన్న వ్యాపారాల కింద హ్యూస్టన్‌లో పైపులు, వాల్వులు అమ్మే వాలెస్ అనే కంపెనీకి వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి 1992లో అది దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. అయినా ఆ అవార్డులో మనం నేర్చుకోవాల్సిన మంచి పద్ధతి ఒకటుంది. దరఖాస్తు పెట్టిన ప్రతి సంస్థకీ, గెలిచినా గెలవకపోయినా, మీ బలం ఇక్కడుంది, లోపం ఇక్కడుంది అని పరీక్షకులు వివరంగా రాసిన నివేదిక పంపుతారు. మనవాళ్లు దరఖాస్తు పెడితే తిరిగి వచ్చేది డిన్నర్ టేబుల్ రేటు ఎంతో చెప్పే మెసేజ్.

జపాన్‌లో 1951 నుంచి ఇస్తున్న డెమింగ్ ప్రైజ్ పద్ధతి నాకు ఇంకా నచ్చింది. అందులో ఫస్టు, సెకండు లేవు. ప్రమాణం అందుకున్న వాళ్లందరికీ ఇస్తారు, అందుకోకపోతే ఎవరికీ ఇవ్వరు. దాని మీద పెద్ద బహుమతి ఒకటుంది. మొదటిది వచ్చి మూడేళ్లు గడిస్తేగానీ దానికి దరఖాస్తు పెట్టనివ్వరు. మన దేశంలో మొదట ఆ ప్రైజ్ అందుకున్నది సుందరం క్లేటన్, 1998లో. చెన్నై దగ్గర బ్రేకులు చేసే ఆ ఫ్యాక్టరీవాళ్లు దానికి ముందు ఏళ్ల తరబడి షాపు ఫ్లోరు మీద పని పద్ధతులు మార్చుకున్నారు.

మీ ఫారంలో 'గత ఏడాది సాధించిన మార్పు' అని ఉంది. దాన్ని 'మూడేళ్ల కిందట చేసి, ఇప్పటికీ నడుస్తున్న మార్పు' అని దిద్దండి. ఈ ఒక్కటి దిద్దినా సగం దరఖాస్తులు వాటంతటవే ఆగిపోతాయి.

ఇక అవార్డు రాని ఒక మిల్లు గురించి చెబుతాను. నా ఆఖరి పదకొండేళ్లు పనిచేసింది అక్కడే. చిన్న మిల్లు. పేరు రాస్తే సిఫారసు చేసినట్టుంటుంది, అందుకే రాయడం లేదు.

అక్కడ మొదటి మార్పుకి అయిన ఖర్చు రెండు గజాల వైరు. కాటా అంకె చూపించే డబ్బా ఎప్పుడూ ఆఫీసు కిటికీ లోపల, గుమాస్తా వైపు తిరిగి ఉండేది. ట్రాక్టరు తెచ్చిన రైతు బయట నిలబడి, లోపల మనం చదివి చెప్పిన అంకె వినాలి. అన్ని మిల్లుల్లో అంతే, ఎవరికీ అది తప్పుగా తోచేది కాదు. ఒకరోజు ఒక రైతుకీ మా కుర్రాడికీ తూకం దగ్గర మాటా మాటా పెరిగింది. యజమాని గారు బయటికొచ్చి విన్నారు. మర్నాడు ఎలక్ట్రీషియన్ని పిలిచి డబ్బాని కిటికీ బయటికి, రైతు వైపు తిప్పించారు. తేమ చూసే మీటరు కూడా వరండాలో బల్ల మీద పెట్టించి, గింజలు రైతునే తీసి పోయమన్నారు.

ధాన్యం వ్యాపారం ఎరగనివాళ్లకి ఇది చిన్న విషయంలా ఉంటుంది. సర్కారు కొనుగోలుకి తేమ 17 శాతం దాటకూడదు. ఆ పైన ఉన్న ప్రతి అంకెకీ తరుగు. మీటరు లోపల ఉన్నంతకాలం ఆ అంకె చెప్పేది మేమే. ఎన్ని మిల్లుల లాభం ఆ ఒక్క అంకెలో ఉందో నాకు తెలుసు, నేను రాసిన ఆవర్జాల్లోనే ఉంది.

మీటరు బయట పెట్టిన మొదటి వారం నాకు బాగా గుర్తుంది. ఉప్పలగుప్తం వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. గుప్పెడు గింజలు పోశారు. అంకె చూశారు. మళ్లీ ఇంకో బస్తాలోంచి తీసి పోశారు. అర పాయింటు తేడా వచ్చింది. మూడోసారి పోశారు. మా కుర్రాడు విసుక్కోబోతే యజమాని గారు కళ్లతోనే ఆపారు. పెద్దాయన ఏమీ మాట్లాడలేదు. జేబులోంచి పెన్ను తీసి మూడు అంకెలూ అరచేతి మీద రాసుకుని వెళ్లిపోయారు. నాలుగు రోజుల తర్వాత ఆ ఊరి నుంచి రెండు ట్రాక్టర్లు వచ్చాయి.

కానీ దానికి ముందు జరిగింది కూడా చెప్పాలి. ఆ మొదటి ఏడాది లాభం బాగా పడిపోయింది. ఉన్న ఇద్దరు భాగస్వాముల్లో ఒకరు వాటా తీసేసుకున్నారు. పక్క మిల్లులవాళ్లు మా యజమాని గారితో మాట్లాడడం మానేశారు. అక్రమంగా వచ్చే తరుగు పోయాక మిల్లు బతకాలంటే మిగిలింది ఒకటే దారి, బియ్యం దిగుబడి పెంచుకోవడం. క్వింటా ధాన్యానికి 68 కిలోల బాయిల్డ్ బియ్యం అప్పజెప్పాలని సర్కారు లెక్క. పాత యంత్రాల మీద నూక ఎక్కువై అక్కడికి చేరేవాళ్లం కాదు, ఆ లోటుని తరుగుతో పూడ్చేవాళ్లం. అందుకే అప్పుడు బాయిలరు, నానబెట్టే ట్యాంకులు, డ్రయ్యరు మార్చారు. చన్నీళ్లలో రోజుల తరబడి నానబెట్టే పద్ధతి పోయి వేణ్నీళ్ల పద్ధతి వచ్చింది. ఊరంతా ముక్కు మూసుకునే ఆ పులిసిన వాసన కూడా పోయింది. అంటే ఇక్కడ యంత్రం తర్వాత వచ్చింది, నిజాయతీ ముందు వచ్చింది. మొదటి మిల్లులో యంత్రం ఒక్కటే వచ్చింది.

కళ్లం ఆడవాళ్ల విషయంలో కూడా ఇక్కడ అంతా బాగా జరిగిందని చెప్పను. పద్దెనిమిది మంది ఉండేవారు. డ్రయ్యరు పెట్టడానికి ఏడాది ముందే వాళ్లని కూర్చోబెట్టి చెప్పారు. ముగ్గురు సంచులు కుట్టే మిషను నేర్చుకున్నారు. ఇద్దరు శాంపిల్ గదిలో కుదిరారు. ఇంకో నలుగురు ఊక, తవుడు దగ్గర పనిలో ఉన్నారు. తొమ్మిది మందికి పని దొరకలేదు. వాళ్లకి మూడు నెలల కూలి ఇచ్చారు, ఎక్కువమంది రొయ్యల షెడ్లకి వెళ్లారు. ఐస్ నీళ్లలో వేళ్లు పగిలే పని. ఆ తొమ్మిది మంది సంగతి అడగకుండా ఆ మిల్లుకైనా సరే మీరు అవార్డు ఇవ్వకూడదు.

బస్తాలు మోసే జట్టు వాళ్లనీ అడగాలి. మన వైపు ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. మా జట్టు మేస్త్రీ గారి ఎడమ భుజం కుడి భుజం కంటే రెండంగుళాలు కిందికి ఉంటుంది. చొక్కా విప్పితే మెడ వెనక ఎద్దు మూపురం మీద కాడి రాసినట్టు కాయ కాసి ఉంటుంది. మిల్లు లోపల కదిపే సంచుల్ని చిన్నవి చేయాలని ఆయనే అడిగారు. బరువు తగ్గితే సంచుల లెక్క పెరుగుతుంది, కూలి రేటు మార్చాలి, గొడవలు వస్తాయని నేను వద్దన్నాను. యజమాని గారు నా మాట కాదని ఆయన మాట విన్నారు. ఆ విషయంలో తప్పు నాదే. ఆ తర్వాత రెండేళ్లలో నడుం పట్టేసి పని మానేసిన వాళ్లు మా జట్టులో లేరు.

ఇక చిట్టా సంగతి. ఈ మిల్లులోనూ కంప్యూటర్ పెట్టారు. ఉగాది నాడు యజమాని గారు పాత చిట్టాని ఎర్రగుడ్డలో కట్టి, పసుపు కుంకుమ పెట్టి, బీరువాలో పెట్టి తాళం తనే దగ్గర పెట్టుకున్నారు. నన్ను తాళం అడగొద్దన్నారు. రెండు నెలలు నరకం. రాత్రి పదకొండు దాకా కూర్చునేవాళ్లం. ఒక రైతు డబ్బు ఇంకో రైతు ఖాతాలో పడింది, వెళ్లి కాళ్లావేళ్లా పడి సరిచేసుకున్నాం. ఎన్నోసార్లు తాళం అడగాలనిపించింది. మూడో నెలకి కుదిరింది. మొదటి మిల్లులో నాకు ఆ రెండు నెలల నరకం లేదు. ఎందుకంటే అక్కడ ఏమీ మారలేదు.

ఈ మిల్లు గురించి దరఖాస్తు పెడదామని ఒకసారి నేనే ఫారం తెచ్చాను. అంతా ఇంగ్లీషులో ఉంది. విజన్ రాయాలి, మిషన్ రాయాలి, డిజిటల్ ప్రయాణం రాయాలి. టర్నోవర్ పెరుగుదల శాతం రాయాలి. ఫీజు వేరే. యజమాని గారు కళ్లజోడు పెట్టుకుని పేజీలన్నీ తిప్పి, "మన కాటా సంగతి ఏ గడిలో రాయాలండీ?" అని అడిగారు. నేను రెండుసార్లు వెతికాను. గడి లేదు. ఫారం మడిచి సొరుగులో పెట్టేశారు.

అయ్యా, ఆ గడి పెట్టండి. ఫారం తెలుగులో ఇవ్వండి, నాలుగు పేజీలు చాలు. ఫీజు తీసేయండి. ఫీజు కట్టినవాళ్లలోంచి ఎంచుకుంటే అది ఎంపిక కాదు.

నేను మిల్లు మనిషిని కాబట్టి మిల్లు మాట చెప్పాను. మిగతా వ్యాపారాల్లోనూ శివారు ఉంటుంది. రొయ్యల సంగతే చూడండి. 1990ల మధ్యలో తెల్లమచ్చ తెగులు వచ్చి టైగర్ రొయ్యల చెరువులు ఎండిపోయాయి, ఇళ్లు అమ్ముకున్నవాళ్లు ఉన్నారు. 2009లో వనామీ అనే వేరే రకం రొయ్యకి అనుమతి వచ్చాక ఆ వ్యాపారం మళ్లీ లేచింది. రొయ్య పిల్లని పరీక్ష చేయించి చెరువులో వదలడం, చెరువు చుట్టూ పక్షులు వాలకుండా తాళ్లు కట్టడం, యాంటీబయాటిక్ వాడకపోవడం, ఇవన్నీ కష్టపడి నేర్చుకున్నారు. ఆ మార్పు గొప్పదే. కానీ అవార్డు ఇచ్చేటప్పుడు ఎగుమతి టన్నులు మాత్రమే చూస్తున్నారు. ఆ చెరువు గట్టు పక్క వరి మడి ఉన్న రైతుని పిలిచి, నీ మడిలోకి ఉప్పునీళ్లు ఊరాయా, నీ బోరు చప్పగా ఉందా ఉప్పగా ఉందా అని అడగండి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు, ఆ భారాన్ని ఏ కంపెనీ రైతు రేటులో కోసింది, ఏ కంపెనీ వేరే దేశాల ఆర్డర్లు వెతుక్కుని రైతుని నిలబెట్టింది అని కూడా అడగండి. మంచి రోజుల్లో అందరూ బాగానే ఉంటారు.

నరసాపురం లేసుకి 2024లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది. చాలా సంతోషం. అది ఊరికి, పనితనానికి వచ్చిన గుర్తింపు. ఒక ఎగుమతి సంస్థకి మార్పు అవార్డు ఇవ్వాలంటే మాత్రం ఇంట్లో అరుగు మీద కూర్చుని క్రోషే సూది తిప్పే ఆడమనిషికి ముక్కకి ఎంత ముడుతోంది, మధ్యలో ఎన్ని చేతులు తగ్గాయి, డబ్బు ఆమె ఖాతాలో పడుతోందా అన్నవే చూడాలి. వెబ్‌సైటు బాగుందా లేదా అన్నది తర్వాత.

వేదిక మీద ఒక్క యజమానినే పిలవడం కూడా మానండి. మార్పు ఒక్కరి వల్ల జరగదు. షీల్డు మీద జట్టు మేస్త్రీ పేరు, బాయిలరు ఆపరేటరు పేరు, సంచులు కుట్టే ఆమె పేరు కూడా చెక్కించండి. అక్షరాలకి మరికాస్త ఖర్చవుతుంది, అంతే. ఇచ్చిన మూడేళ్లకి మళ్లీ ఒకసారి వెళ్లి చూసి రండి. పాత పద్ధతి తిరిగి వచ్చి ఉంటే, గోల చేయకుండానే ఆ పేరు మీ జాబితాలోంచి తీసేయండి. ప్రయత్నించి కుదరక ఆగిపోయినవాళ్లు ఎక్కడ కుదరలేదో ధైర్యంగా చెబితే, వాళ్లకీ మీ సభలో ఒక కుర్చీ వేయండి. పక్కవాడి గండి ఎక్కడ పడిందో తెలిస్తే మనం అక్కడ గట్టు పటిష్టం చేసుకోవచ్చు.

ఇదంతా మీ మీద కోపంతో రాయడం లేదు. గుర్తింపు అంటే నాకు గౌరవం. మేం చేసిన మంచి పని ఎవరైనా చూశారు అన్న మాటే ఒక చిన్న మిల్లుని ఇంకో పదేళ్లు సరైన దారిలో నిలబెడుతుంది. ఆ మాట తప్పుడు చోటుకి వెళ్లిన ప్రతిసారీ, కాటా బయటికి తిప్పినవాడు పిచ్చివాడు, లోపల పెట్టుకున్నవాడు తెలివైనవాడు అని చుట్టుపక్కల వందమందికి చెప్పినట్టు అవుతోంది. నేను రాసిన ఆ మొదటి దరఖాస్తు అదే పని చేసింది.

వచ్చే ఏప్రిల్లో దాళ్వా కోతలు అవుతాయి. మిల్లులన్నీ రాత్రీపగలూ తిరుగుతాయి, ట్రాక్టర్లు రోడ్డు మీద వరస కడతాయి. అప్పుడు రండి. ముందుగా ఫోన్ చేయొద్దు, బొకేలు వద్దు. నేను మండపేటలోనే ఉంటాను, కావాలంటే కూడా వస్తాను. ఆఫీసులోకి వెళ్లకుండా కాటా దగ్గర ఒక గంట నిలబడదాం. తర్వాత వెనక కళ్లం వైపు వెళదాం. జట్టు వాళ్లు తెల్లవారుజామున నాలుగింటికే వస్తారు, ఎనిమిదికి టిఫిన్‌కి కూర్చుంటారు. మేస్త్రీ గారితో మాట్లాడాలంటే అదే సమయం.

ఇట్లు,
మండపేట నుంచి ఒక మాజీ మిల్లు గుమాస్తా